మీటర్లు కొలుస్తాం.. మనుషుల్ని లెక్కపెట్టం!

ఉదయం ఆరున్నర. కూకట్‌పల్లి హౌసింగ్‌బోర్డు కాలనీ. అదేనండీ, అందరి నోళ్ళలో నానిన కేపీహెచ్‌బీ. టిఫిన్ బండి దగ్గర అప్పుడే ఇడ్లీ పాత్ర మూత లేచింది. వీధి మొగలో నీళ్ళ ట్యాంకరు వెనక్కి వెనక్కి వస్తోంది. ‘టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఇంటి భోజనం’ అన్న బోర్డు కింద నుంచి వీపున బ్యాగులు తగిలించుకున్న కుర్రాళ్ళు ఒక్కొక్కరే బయటపడి మెట్రో స్టేషన్ దారి పడుతున్నారు.

అలాంటి రెండు ఐదంతస్తుల భవనాల మధ్య ఓ పాత ఇల్లు. ఒకటే అంతస్తు. ముందు జామచెట్టు, పక్కన కరివేపాకు మొక్క. ఒకప్పుడు ఆ ఇంట్లోకి వెళ్ళాలంటే రోడ్డు మీంచి రెండు మెట్లు ఎక్కాలి. ఇప్పుడు ఒక మెట్టు దిగాలి! ఇల్లు కుంగలేదు. రోడ్డు పెరిగింది. వేసిన రోడ్డు మీదే మళ్ళీ మళ్ళీ రోడ్డు వేస్తే అంతేగా!

ఇలాంటి ఇళ్ళు ఆ కాలనీలో ఇంకా చాలానే ఉన్నాయి. కేపీహెచ్‌బీలోనే కాదు.. హౌసింగ్‌బోర్డు కాలనీలు ఉన్న ఏ ఊళ్ళోనైనా కనిపిస్తాయి. వాటిలో ఉంటున్నవాళ్ళందరి ముందూ ఇవాళ ఒకటే ప్రశ్న.

పడగొట్టి కట్టాలా? వద్దా?

నాన్నా.. అందరూ కడుతున్నారు!

ఓ ఇల్లు అనుకుందాం. స్థలం 120 గజాలు. మీటర్లలో చెప్పాలంటే కాస్త అటూఇటుగా 100 చదరపు మీటర్లు. యజమాని ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన. పింఛను అంతంతమాత్రం. భార్యకు మోకాళ్ళ నొప్పులు. కొడుకు వేరే ఊళ్ళో ఉద్యోగం. ప్రతి ఆదివారం ఫోన్లో ఒకటే మాట.

‘‘నాన్నా, ఎన్నాళ్ళిలా? ఎదురింటివాళ్ళు కట్టారు, పక్కింటివాళ్ళు కట్టారు. ఐదంతస్తులు వేసి హాస్టల్‌కి ఇచ్చేస్తే నెలనెలా అద్దె వస్తుంది. మీరు కింద ఉండొచ్చు’’

‘‘మన స్థలంలో ఐదంతస్తులకి పర్మిషన్ ఇవ్వరురా’’

‘‘పక్కనోళ్ళకి ఇచ్చారా ఏంటి?’’

పెద్దాయన దగ్గర జవాబు ఉండదు. కొడుకు చెప్పేదీ అత్యాశేం కాదు. ఆస్పత్రి ఖర్చులున్నాయి. తీర్చాల్సిన అప్పులున్నాయి. ఉన్న ఒక్క ఆస్తీ ఆ 120 గజాలే. దాని మీద నాలుగు డబ్బులు రాబట్టుకోవాలనుకోవడం తప్పెలా అవుతుంది?

ఇక ఆ హాస్టల్లో మంచం ఎవరిది? శ్రీకాకుళం నుంచో ఖమ్మం నుంచో అనంతపురం నుంచో చదువు కోసం, ఉద్యోగం కోసం వచ్చిన పిల్లలది. ఈ పేజీ చదువుతున్న మీ అబ్బాయిదే కావచ్చు, మీ అమ్మాయిదే కావచ్చు. వాళ్ళకీ తలదాచుకునే చోటు కావాలి కదా!

ఇంటాయనది తప్పు కాదు. అద్దెకొచ్చే పిల్లలదీ తప్పు కాదు. మరి కాస్త గట్టి వానకే మ్యాన్‌హోల్ మూత ఎందుకు లేస్తోంది? పల్లంలో ఉన్న ఇంటి బాత్‌రూమ్‌లోకి వీధి మురుగంతా ఎందుకు తన్నుకొస్తోంది? అది తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ముందు పైపు.. తర్వాత ఇల్లు

1908 సెప్టెంబరు 28. మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తింది. వేలమంది చనిపోయారు. ఆ విలయం తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల ఆలోచన రూపుదిద్దుకుంది. నగరాన్ని తీర్చిదిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పాటైంది. ఇరుకు బస్తీల స్థానంలో కొత్త ఇళ్ళు కట్టడం, రోడ్లు వెడల్పు చేయడం, మార్కెట్లు నిర్మించడం దాని పని. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీ రాతి కమానుల దుకాణాలు ఆ బోర్డు చలవే. ఆ బోర్డే కాలక్రమంలో హౌసింగ్ బోర్డు అయింది.

హౌసింగ్ బోర్డు పద్ధతి ఒకటే. ముందు కాగితం మీద లేఅవుట్ గీయాలి. రోడ్లు, మంచినీటి గొట్టాలు, మురుగు పైపులు, పార్కుకు చోటు, బడికి చోటు చూడాలి. ఆ తర్వాతే ఇళ్ళు. ఆదాయాన్ని బట్టి ఈడబ్ల్యూఎస్, ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ అని పేర్లు పెట్టారు. బలహీనవర్గాలు, తక్కువ ఆదాయం, మధ్య ఆదాయం, ఎక్కువ ఆదాయం అని వాటి అర్థం. హైదరాబాద్‌లో ఇప్పటికీ ‘మాది ఎల్‌ఐజీ ఇల్లు’ అంటే చాలు, సైజు చెప్పక్కర్లేదు!

కేపీహెచ్‌బీ అలా ఫేజులవారీగా పెరిగింది. 1980లలో అక్కడ ఇల్లు వచ్చిందంటే బంధువులు నవ్వేవారు. ‘అంత దూరమా? అడవిలోనా?’ అనేవారు. పటాన్‌చెరు, కోఠి మధ్య తిరిగే 218 బస్సే దిక్కు. బీహెచ్ఈఎల్, ఐడీపీఎల్, ఆల్విన్ లాంటి సంస్థల్లో పనిచేసేవారికి మాత్రం అనువైన చోటు. పెరట్లో మొక్కలు, డాబా మీద వడియాలు, సాయంత్రం గుమ్మాల ముందు కబుర్లు.. ఇంటికి నలుగురో ఐదుగురో మనుషులు.

ఆ ఐదుగురిని గుర్తుపెట్టుకోండి. అసలు కథ అక్కడే ఉంది.

ఒక్కసారిగా మధ్యలోకి..

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ‘అంత దూరమా?’ అనిపించిన కాలనీ కాస్తా ఉద్యోగాలకు కూతవేటు దూరంలోకి వచ్చేసింది. ఒకపక్క జేఎన్‌టీయూ, ఇంకోపక్క హైటెక్‌సిటీ. మధ్యలో కేపీహెచ్‌బీ! 2007 ఏప్రిల్‌లో కూకట్‌పల్లి సహా 12 శివారు మున్సిపాలిటీలను హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిపి గ్రేటర్‌ను ఏర్పాటు చేశారు. 2017 నవంబరు 29 నుంచి మియాపూర్, నాగోల్ మధ్య మెట్రో రైలు ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. కాలనీ పేరుతోనే ఓ స్టేషన్ వెలిసింది. మెట్రో పిల్లరు నంబరు చెప్తే చాలు.. అదే ఇంటి అడ్రసు!

ఇక నేల ధర సంగతి చెప్పాలా? 2025 ఆగస్టులో ఇదే కాలనీలో హౌసింగ్ బోర్డుకు మిగిలిన 7.8 ఎకరాల స్థలాన్ని వేలం వేస్తే ఎకరం 70 కోట్ల రూపాయలు పలికింది. తక్కువ ఆదాయం వాళ్ళ కోసం మొదలైన కాలనీలో!

ఎకరం 70 కోట్ల చోట ఒక అంతస్తు ఇంటిని, జామచెట్టును అలాగే ఉంచుకోమని ఎవరికైనా చెప్పగలమా?

రూల్సు ఏమంటున్నాయి?

చాలా నగరాల్లో స్థలం విస్తీర్ణాన్ని బట్టి మొత్తం ఎన్ని చదరపు అడుగులు కట్టొచ్చో ఓ పరిమితి ఉంటుంది. దాన్నే ఎఫ్ఎస్ఐ అంటారు. ముంబయివాళ్ళకు ఆ మూడక్షరాలు రోజూ వినపడేవే. హైదరాబాద్‌లో 2006 మార్చిలో వచ్చిన 86వ నంబరు జీవో ఆ లెక్కను పక్కనపెట్టింది. దాని బదులు స్థలం ఎంత, ముందున్న రోడ్డు వెడల్పెంత, చుట్టూ వదిలిన ఖాళీ ఎంత అన్నవి చూసి భవనం ఎత్తును నిర్ణయించడం మొదలైంది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168వ నంబరు జీవో కూడా అదే బాట పట్టింది. ఆ రూల్సు ప్రకారం 18 మీటర్లు, అంతకు మించిన ఎత్తైన భవనం కట్టాలంటే ముందు రోడ్డు కనీసం 12 మీటర్లు ఉండాలి. 200 చదరపు మీటర్ల లోపు స్థలమైతే 10 మీటర్ల ఎత్తు దాటకూడదు. అంటే కింద ఒకటి, పైన రెండు అంతస్తులు. అంతే!

మన పెద్దాయన అన్నమాట నిజమే. ఆయన 120 గజాల్లో ఐదంతస్తులకు అనుమతి రాదు.

2020లో తెలంగాణలో వచ్చిన టీఎస్‌ బీపాస్ చట్టం చిన్న ఇళ్ళవాళ్ళకు ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పించింది. 75 గజాల లోపు స్థలంలో ఇంటికి అనుమతే అక్కర్లేదు, నమోదు చేసుకుంటే చాలంది. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్ళకు సొంత ధ్రువీకరణతో అప్పటికప్పుడే అనుమతి ఇచ్చేయమంది. మేలైన సంగతే. కానీ అందులో ఓ షరతుంది. చెప్పింది ఒకటి, కట్టింది ఒకటి అయితే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చేసే అధికారం ఉంది. మూడంతస్తులని రాసిచ్చి ఐదు వేసేవాళ్ళు ఆ సంగతి మర్చిపోతుంటారు. ఎందుకంటే ఇంకో ఆశ ఉంటుంది. ఎప్పటికైనా క్రమబద్ధీకరణ వస్తుందని!

ఆ ఆశకూ కారణం లేకపోలేదు. 2007 డిసెంబరు 31న బీపీఎస్ పేరిట ఓ పథకం వచ్చింది. అనుమతి లేని నిర్మాణాలకు అపరాధ రుసుం కట్టించుకుని వదిలేసింది. ఒకే ఒక్కసారి ఇచ్చే అవకాశం అన్నారు. 2015 నవంబరులో బీఆర్ఎస్ పేరిట మళ్ళీ వచ్చింది. అది కోర్టు మెట్లెక్కింది, 2016లో హైకోర్టు దానికి అడ్డుకట్ట వేసింది. ‘ఒక్కసారే’ అన్నది రెండోసారి వచ్చాక, మూడోసారి రాదని ఎవరు నమ్ముతారు?

జరిమానా కడితే కాగితం మీద భవనం సక్రమం అయిపోతుంది. రోడ్డు కింద పైపు మాత్రం ఒక్క అంగుళం కూడా లావెక్కదు!

అసలు లెక్క ఇదీ!

నీటి సరఫరా పథకాలు రూపొందించే ఇంజినీర్లకు ఓ మాన్యువల్ ఉంది. భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్ళు కావాలన్నది అందులోని లెక్క. అందులో దాదాపు 80 శాతం మురుగుగా బయటికి వస్తుంది. అంటే మనిషికి 108 లీటర్లు.

ఇప్పుడు మన 120 గజాల ఇంటిని చూద్దాం. పాత ఇంట్లో ఐదుగురు. రోజుకు 675 లీటర్ల నీళ్ళు వాడితే 540 లీటర్ల మురుగు వస్తుంది. అదే చోట ఐదంతస్తులు లేచి, అంతస్తుకు 12 మంది చొప్పున 60 మంది చేరారనుకోండి. నీళ్ళు 8,100 లీటర్లు కావాలి. మురుగు 6,480 లీటర్లు. సరిగ్గా 12 రెట్లు!

ఒక్క ఇల్లు కాదు, వీధి మొత్తం చూద్దాం. 40 ఇళ్ళు, ఇంటికి ఐదుగురు.. మొత్తం 200 మంది. రోజుకు 21,600 లీటర్ల మురుగు. ఆ నలభైలో పదంటే పదే ఇళ్ళు హాస్టళ్ళుగా మారాయనుకోండి. 30 ఇళ్ళలో 150 మంది, పది హాస్టళ్ళలో 600 మంది.. మొత్తం 750. మురుగు 81,000 లీటర్లు. పాతిక శాతం ఇళ్ళు మారితేనే వీధి మురుగు దాదాపు నాలుగు రెట్లు!

ఇంజినీర్లు ఇవన్నీ ఊహించరా అంటే.. కొంత ఊహిస్తారు. పొద్దున్న అందరూ ఒకేసారి స్నానాలు చేస్తారు కాబట్టి సగటు కంటే మూడు రెట్లు ప్రవాహం వచ్చినా తట్టుకునేలా చిన్న ప్రాంతాల పైపులు వేస్తారు. పైపు పూర్తిగా నిండకుండా పైన కాస్త ఖాళీ ఉంచుతారు. రాబోయే 30 ఏళ్ళ జనాభాను లెక్కలోకి తీసుకుంటారు. అందుకే ఈ ఒక్క వీధే అయితే పైపు ఎలాగోలా ఓర్చుకుంటుంది. ఇలాంటి వీధులు పదులూ వందలూ వచ్చి కలిసే పెద్ద లైను దగ్గరే చిక్కు. పైగా 1985లో వేసిన పైపు అయితే దాని ముప్ఫయ్యేళ్ళ లెక్క 2015తో తీరిపోయింది. మెట్రో వచ్చిందేమో 2017లో! పాత లైను తీసి పెద్దది వేసిన చోట ఫర్వాలేదు. వేయని చోట మాత్రం.. అప్పటి ఐదుగురి లెక్కతోనే అది ఇప్పటి అరవై మందినీ మోస్తోంది.

వాన పడితే..

మురుగు ఒక్కటే అయితే కథ ఇంత ముదిరేది కాదు. దానికి వాన తోడవుతోంది.

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. 100 చదరపు మీటర్ల స్థలంలో గంటలో 50 మిల్లీమీటర్లు కురిస్తే 5,000 లీటర్లు. పాత ఇంట్లో అందులో కొంత జామచెట్టు పాదులో, పెరటి మట్టిలో ఇంకేది. కొత్త భవనంలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సిమెంటే. డాబా మీది నీళ్ళు పైపులోంచి దిగి ఎక్కడికి పోవాలి? రోడ్డు పక్క వాననీటి కాల్వలోకో, ఇంకుడు గుంతలోకో వెళ్ళాలి. చాలామంది ఏం చేస్తున్నారు? దగ్గర్లో ఉందని మ్యాన్‌హోల్‌కి కలిపేస్తున్నారు.

ఆ నలభై ఇళ్ళూ అలా కలిపేస్తే? గంటలో రెండు లక్షల లీటర్లు! మొదట అనుకున్న వీధిలో రోజంతా వచ్చే మురుగు 21,600 లీటర్లు. అంటే రోజు మొత్తం మీద వచ్చేదానికి తొమ్మిది రెట్లు ఒక్క గంటలో పైపులోకి దూరుతుంది. ఆ పైపు వేసింది మురుగు కోసం, వాన కోసం కాదు. మూత లేవక ఏమవుతుంది?

అలా లేచినప్పుడు నీళ్ళు ఎవరింట్లోకి వస్తాయి? ఐదంతస్తులు వేసినవారింట్లోకి కాదు. వాళ్ళు పునాది ఎత్తుగా లేపి కట్టుకున్నారు. పల్లంలో, రోడ్డుకన్నా ఒక మెట్టు కిందున్న ఆ పాత ఇంట్లోకి వస్తాయి. అర్ధరాత్రి మంచం కింద చెప్పులు తేలుతుంటే.. పాత పెట్టెల్లో దాచుకున్న పెళ్ళి ఫొటోలు, ఇంటి కాగితాలు ఎత్తుగా పెట్టుకోవడానికి ఆ పెద్దవాళ్ళే మోకాళ్ళు పట్టుకుని కుర్చీలెక్కాలి. మర్నాడు ఇల్లు కడిగినా వాసన పోదు. లాభం ఒక ఇంటిది, నష్టం ఇంకో ఇంటిది. మురుగు ఎప్పుడూ పల్లానికే పోతుంది మరి!

2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు, 2020 అక్టోబరులో నగరం మళ్ళీ నీట మునిగినప్పుడు ఈ పాఠం హైదరాబాద్ కళ్ళారా చూసింది. కూకట్‌పల్లి వైపు నుంచి వచ్చే నీళ్ళు కూకట్‌పల్లి నాలా పట్టుకుని మూసాపేట, ఫతేనగర్, బేగంపేట మీదుగా హుస్సేన్‌సాగర్ దారి పడతాయి. ఇక్కడ తప్పిన లెక్క అక్కడెక్కడో ట్యాంక్‌బండ్ మీద ముక్కు మూసుకునేలా చేస్తుంది.

పైన ఒకరు.. కింద ఒకరు

పైన ఇల్లు కట్టుకోవడానికి అనుమతి ఇచ్చేది కార్పొరేషన్. కింద నీళ్ళు, మురుగు చూసేది జలమండలి. పెద్ద అపార్ట్‌మెంట్లయితే నీటి కనెక్షన్ సాధ్యమా కాదా అని జలమండలిని అడగాలి. చిన్న స్థలాల్లో లేచే భవనాలకు ఆ ప్రశ్నే రాదు. ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ కలిస్తేనే ఓ కొత్త ఊరు!

రూల్సు పుస్తకంలో ఎత్తు ఉంది. ఖాళీ జాగా ఉంది. రోడ్డు వెడల్పు ఉంది. అన్నీ మీటర్లే. ఆ నాలుగు గోడల మధ్య ఎంతమంది ఉంటారన్నది మాత్రం అడగరు. పైపుకు మీటర్లతో పనిలేదు. దానికి తెలిసింది ఒక్కటే.. మనుషుల లెక్క. మూడంతస్తుల ఇంట్లో మూడు కుటుంబాలుంటే 15 మంది. అదే మూడంతస్తుల్లో మంచాలు వేస్తే 36 మంది. రూల్సు దృష్టిలో రెండూ ఒకటే. పైపు దృష్టిలో కాదు. అంటే నిబంధనల్ని అక్షరాలా పాటించి కట్టినా కూడా పైపు మీద భారం రెట్టింపు దాటిపోవచ్చన్నమాట.

అందుకే ఒక వీధిలో అంతస్తులు పెరగనిచ్చే ముందు ఆ వీధి కింద ఏముందో చూడాలి. సరిపోతే కట్టనివ్వాలి. సరిపోకపోతే ముందు పైపు మార్చి ఆ తర్వాత కట్టనివ్వాలి. అనుమతుల సమయంలో బెటర్‌మెంట్ చార్జీలనీ, మరొకటనీ కట్టించుకుంటున్నది సౌకర్యాల కోసమే కదా! 1908లో వరద నేర్పిన పాఠం అదే. ముందు పైపు, తర్వాత ఇల్లు. ఇప్పుడు వరస తిరగబడింది. ముందు ఇల్లు, తర్వాత జనం, ఆ తర్వాత మురుగు, చివరికెప్పుడో పైపు!

కట్టే ముందు కాస్త ఆగి..

ప్రభుత్వం చేయాల్సినవి ప్రభుత్వం చేయాలి. ఇల్లు కట్టేవారి చేతుల్లోనూ కొన్ని ఉన్నాయి.

డాబా మీది వాన పైపును మ్యాన్‌హోల్‌కి కలపొద్దు. ఖర్చులో అతి చిన్నది, ఫలితంలో అతి పెద్దది ఇదే. ఇప్పటికే కలిపేసి ఉంటే మేస్త్రీని పిలిపించి విడదీయించండి. ఇంకుడు గుంత తవ్వించండి. వాననీటిని ఒడిసిపట్టే ఏర్పాట్ల గురించి 2002లో వచ్చిన వాల్టా చట్టమే చెబుతోంది. గుంత తవ్వి వదిలేయకుండా ఏటా మృగశిరకు ముందు పూడిక తీయిస్తేనే ఉపయోగం.

హాస్టల్‌కో మెస్‌కో ఇస్తుంటే వంటింటి నీళ్ళు నేరుగా మురుగు లైన్లో కలవకుండా సిల్ట్ చాంబర్ కట్టించండి. అన్నం మెతుకులు, నూనె జిడ్డు పైపులో గడ్డకడితే పూడికతీత యంత్రం వచ్చేదాకా వీధంతా ముక్కు మూసుకోవాల్సిందే. ఆ పూడిక తీయడానికి రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని మ్యాన్‌హోల్లోకి దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. ఎవరో ఓ కుర్రాడికి ఐదొందలు చేతిలో పెట్టి దింపేయొద్దు. అక్కడి విషవాయువు తిరిగి రానివ్వదు.

పాత ఇంట్లోనే ఉంటున్నవాళ్ళు రోడ్డు వేయడానికి వచ్చినప్పుడు బయటికొచ్చి ఒక్క మాట అడగండి. ‘పాత తారు గీకేసి వేస్తున్నారా? దాని మీదే వేస్తున్నారా?’ అని. గీకి వేసే యంత్రాలున్నాయి. అడిగేవాళ్ళుంటే అవీ వస్తాయి. రోడ్డు ఎత్తు పెరగకపోతే మీ గడప మునగదు.

ఇక కాలనీ సంఘాలు. వినాయకచవితి పందిరికి చందాలు వసూలు చేసేటప్పుడు ఇంటింటికీ తిరుగుతారు కదా! ఆ చేత్తోనే ఓ నోటు పుస్తకం పట్టుకుని ఏ ఇంట్లో ఎంతమంది ఉంటున్నారో రాసుకోండి. వీధికి మొత్తం ఎంతమంది, పైపు ఎన్ని అంగుళాలు, వేసి ఎన్నేళ్ళయింది.. ఈ మూడు అంకెలూ ఒక కాగితం మీద రాసి జలమండలి ఇంజినీరు ముందు పెట్టండి. ‘డ్రైనేజీ పొంగుతోంది సార్’ అంటే ఓ యంత్రాన్ని పంపి ఊరుకుంటారు. ‘200 మంది కోసం వేసిన లైను మీద 750 మందిమి ఉన్నాం’ అంటే జవాబు చెప్పకుండా తప్పించుకోవడం కష్టం.

మళ్ళీ ఆ ఇంటికి..

మన పెద్దాయన ఇంటికి తిరిగొద్దాం. ఆదివారం సాయంత్రం. కొడుకు వచ్చాడు. డైనింగ్ టేబుల్ మీద ప్లాను కాగితం పరిచి ఉంది. కింద పార్కింగు, పైన అంతస్తులు, అంతస్తుకు ఎన్ని గదులు, ఎన్ని బాత్‌రూమ్‌లు.. ఇంజినీరు ఒక్కొక్కటే చూపిస్తున్నాడు. పెద్దావిడ టీ తెచ్చి అక్కడే నిలబడింది. కిందటి వానాకాలం మురుగు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే గీత ఆమె వెనక గోడ మీద ఇంకా ఉంది.

పెద్దాయన ప్లానంతా చూశాడు. కళ్ళజోడు తీసి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

‘‘అంతా బాగుంది బాబూ. మొత్తం ఎంతమంది ఉంటారిందులో? ఆ నీళ్ళన్నీ ఎటు పోతాయి?’’

ఇంజినీరు పెన్ను మూత తీసి, కాగితం వెనక్కి తిప్పి లెక్క వేయడం మొదలుపెట్టాడు. ఆ ప్లాను మీద అప్పటిదాకా ఎవరూ వేయని లెక్క అది.